కరెంటు కారులో పుట్టింటికి

మే నెల ఎండలో, పది రోజుల కిందట కంటి ఆపరేషన్ చేయించుకున్న అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, కారు అద్దాలు బిగించి, ఏసీ ఆపేసి ప్రయాణం చేశారా మీరెప్పుడైనా? మేం చేశాం. "ఏసీ వున్న కారులో ఏసీ ఆపడమేమిటమ్మా, మతి వుండే చేశారా?" అని నన్ను తిట్టుకోకండి. కాస్త ఓపిగ్గా చదివితే మీకే తెలుస్తుంది.

మేముండేది వనస్థలిపురంలో. నా పుట్టిల్లు గుడివాడ. 2024 నవంబరులో తెలంగాణలో కరెంటు బండ్లకి రోడ్డు టాక్సూ, రిజిస్ట్రేషన్ ఫీజూ తీసేశారు కదా, మావారు కాగితం మీద నాలుగు రాత్రులు లెక్కలు వేసి, డిసెంబరులో కరెంటు కారు కొనేశారు. ఆకుపచ్చ నంబరు ప్లేటు, తెల్ల అక్షరాలు. పొగ లేదు, చప్పుడు లేదు. ఊళ్లో తిరగటానికి దీన్ని మించిన సుఖం లేదని నేను ఒట్టేసి చెబుతాను. రాత్రి మినప్పప్పు నానబోసినట్టు, ఏసీకి పెట్టుకునే పెద్ద ప్లగ్గులో దీన్ని పెట్టి పడుకుంటాం. పొద్దున లేచేసరికి పప్పూ నానుతుంది, కారూ నిండుతుంది. ఖాళీ బ్యాటరీ నిండటానికి తొమ్మిది గంటలు పడుతుంది గానీ, నిద్రపోయేవాళ్లకి తొమ్మిదైతేనేం, ఆరైతేనేం? మాది 30 యూనిట్లు పట్టే బ్యాటరీ. ఇంటి కరెంటు యూనిట్ పది రూపాయల లోపే.

చిక్కంతా ఊరు దాటాకే! ఒకసారి నింపితే మా కారు హైవే మీద, ఏసీ వేసుకుని, నలుగురు కూర్చుంటే 190 కిలోమీటర్లు వస్తుంది. గుడివాడ మూడొందల పైచిలుకు. అంటే దారిలో ఒకసారి నింపుకోవాలి. అక్కడ తొమ్మిది గంటలు కూర్చోలేం కదా, అందుకని రోడ్డు పక్కన ఫాస్ట్ ఛార్జర్లు పెట్టారు. నానబోయటం ఇంటి పద్ధతైతే ఇది ప్రెషర్ కుక్కర్ అన్నమాట. గంటలో పని అయిపోతుంది. అయితే!

అమ్మకి 74 ఏళ్లు. సుగరు వుంది. ఎడమ కంటి శుక్లానికి హైదరాబాద్‌లోనే ఆపరేషన్ చేయించాను. పది రోజులు మా ఇంట్లో వుండి, "ఇక నా ఇంటికి నన్ను పంపించెయ్యవే, తులసికోట దగ్గర దీపం పెట్టేవాళ్లు లేరు" అని గొడవ మొదలుపెట్టింది. కంట్లో దుమ్ము పడకూడదని, తల వంచకూడదని డాక్టరుగారు మరీ మరీ చెప్పారు. బస్సు వద్దు, రైలు మెట్లు ఎక్కలేదు. మన కారుండగా ఆవిడకేం కష్టం అనుకున్నాం. 2025 మే నెల, బుధవారం. రాహుకాలం దాటాక ఒంటిగంటన్నరకి బయల్దేరాం. మావారు, ముందు సీట్లో మా అబ్బాయి, వెనక నేనూ అమ్మా. పులిహోర, పెరుగన్నం, మందులు, సుగరు చూసే మిషను, అమ్మకి లీటరు మంచినీళ్ల సీసా, అన్నీ సర్దాను. రాత్రి ఎనిమిదిన్నరకల్లా గుడివాడలో అన్నయ్య ఇంట్లో భోజనం అని లెక్క.

హయత్‌నగర్ దాటితే హాయిగా వుంటుంది ఆ రోడ్డు. చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి... ఎటు చూసినా తాటిచెట్లు. చిట్యాల దాటాక రోడ్డు పక్కన ముంజలమ్మేవాళ్లు కనిపించారు. అమ్మకి ముంజలంటే ప్రాణం. కారు ఆపించాను. "వద్దులేవే, ఇప్పుడెందుకు" అంది. నల్లకళ్లజోడు పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది. సుగరు భయమేమో అనుకుని మేమే తిన్నాం. అప్పుడే అనుమానించాల్సింది నేను. అనుమానించలేదు.

సూర్యాపేటకి నాలుగుంబావుకి చేరాం. బ్యాటరీ 27 శాతం వుంది. మా అబ్బాయి ఫోన్లో చూసి, ఒక హోటలు ఆవరణలో ఛార్జరు వుందన్నాడు. ఫోన్లో దాని పక్కన పచ్చబొట్టు కనపడుతోంది, అంటే ఖాళీగా, సిద్ధంగా వుందని అర్థం. లోపలికి వెళ్లి చూద్దుము గదా, నల్లటి డబ్బా, నల్లటి తెర, చలనం లేదు. వాచ్‌మన్ వచ్చి, "అది నాలుగు రోజుల సంది నడుస్తలేదు సార్" అన్నాడు. మరి ఫోన్లో పచ్చబొట్టో? దానికి తెలియదట! పోయినవాళ్ల పేరు రేషన్ కార్డులో వున్నట్టు, పాపం అది ఫోన్లో ఇంకా బతికే వుంది.

సరే, ఊళ్లో ఇంకొకటుంటే అక్కడికి పోయాం. అది వెలుగుతోంది! ప్రాణం లేచొచ్చింది. తీరా మావారు గన్ను తీసి పెట్టబోతే కారుకి పట్టలేదు. మా కారుకి కావలసింది సీసీఎస్ 2 అనే రకం గన్ను. అక్కడున్నది భారత్ డీసీ 001 అనే పాత రకం, మొదట్లో వచ్చిన కార్ల కోసం పెట్టినది. గ్యాసు కంపెనీ మారితే పాత రెగ్యులేటరు సిలిండరుకి పట్టక మనం అవస్థ పడతాం చూడండి, సరిగ్గా అలాగే.

ఇక మిగిలింది కోదాడ. 45 కిలోమీటర్లు. 27 శాతంతో మామూలుగా యాభై వస్తుంది. మధ్యలో ఒకటి వుందని ఫోను చూపించింది గానీ, ఆ పచ్చబొట్టుని ఇక నమ్మబుద్ధి కాలేదు. అక్కడ కూడా పనిచేయకపోతే రోడ్డు మీద నిలబడిపోవటమే. పెట్రోలు కారైతే సీసాలో తెచ్చి పోసుకోవచ్చు, కరెంటుని బిందెలో తేలేం కదా! మావారు ఏసీ ఆపేశారు. అద్దాలు దించుదామంటే అమ్మ కంట్లో దుమ్ము పడుతుంది. అందుకని అద్దాలు బిగించి, ఉత్త గాలి మాత్రం పెట్టుకుని, యాభై స్పీడులో రోడ్డుకి ఎడంపక్క పాక్కుంటూ వెళ్లాం. లారీలు కూడా మమ్మల్ని దాటిపోయాయి. లోపల ఇడ్లీ కుక్కరులో కూర్చున్నట్టుంది. మావారు మాట్లాడటం మానేశారు. మా అబ్బాయి "ఇరవై రెండు... పంతొమ్మిది... పదిహేడు" అని చదువుతున్నాడు. నేను ముందుకి వంగి ఆ అంకెలే చూస్తున్నాను. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ, కళ్లు మూసుకుని వుంది. నిద్రపోతోందనుకున్నాను.

కోదాడలో బంకు చేరేసరికి ఐదున్నర. 9 శాతం వుంది. దణ్ణం పెట్టుకున్నాను.

ఈ ఛార్జర్లని ఎక్కడ పెడతారో ఎప్పుడైనా గమనించారా? పెట్రోలు పోసేచోట పైన షెడ్డు, లైట్లు, నీళ్లు, గాలి, పలకరించే కుర్రాడు, అన్నీ వుంటాయి. పెట్రోలు పోయించుకునేవాడు అక్కడ ఐదు నిమిషాలు వుంటాడు. గంటసేపు పడిగాపులు పడే మనకేమో వెనకాల లారీలు ఆపుకునేచోట, ప్రహరీగోడ మూలన, నీడ లేదు, దీపం లేదు, కూర్చోటానికి రాయి లేదు, మనిషి అనేవాడు లేడు. ఒక డబ్బా, దానిమీద ఒక ఫోన్ నంబరు, అంతే.

రెండు గన్నులున్నాయి. కుడివైపు దానికి ఒక టాక్సీ తగిలించి వుంది. డ్రైవరు సీటు వెనక్కి వాల్చుకుని పడుకున్నాడు. ఎడమది ఖాళీ. మా అబ్బాయి ఆ కంపెనీవాళ్ల యాప్ ఎక్కించాడు. (ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, ఒక్కోదాంట్లో ముందుగా డబ్బులు వేయాలి. ఫోన్లో ఏడు వున్నాయి మాకు, ఈ ఎనిమిదోది తప్ప!) సిగ్నల్ అందక ఓటీపీ రావటానికే పది నిమిషాలు. రెండొందలు వేశాం. గన్ను పెట్టాం. టక్కున శబ్దం, తెరమీద పచ్చగీత, అంకెలు కదిలాయి. హమ్మయ్య అనుకుంటూ వుండగానే ఆరో నిమిషంలో ఆగిపోయింది. "ఫాల్ట్" అంది. తీసి పెట్టాం. మళ్లీ రెండొందలు వేయమంది. మొదటి రెండొందల్లో మిగిలింది వారం రోజుల్లో వెనక్కి వస్తుందట. మళ్లీ పెట్టాం. నాలుగు నిమిషాలకి ఆగింది. నంబరుకి ఫోన్ చేస్తే ఒక అమ్మాయి ఇంగ్లీషులోనూ హిందీలోనూ చాలా మర్యాదగా మాట్లాడి, ఫిర్యాదు రాసుకున్నామనీ 48 గంటల్లో చూస్తామనీ చెప్పింది. 48 గంటలు! ఆ గోడ మూలన మా కాపురం పెట్టమనా?

టాక్సీ అబ్బాయిని లేపాను. అతని తెరమీద 83 శాతం వుంది. "ఎనభై దాటింది కదా నాయనా, మా అమ్మకి బాగాలేదు, కాస్త తీస్తావా?" అన్నాను. మీకొకటి చెప్పాలి ఇక్కడ. ఎనభై దాటాక ఈ బ్యాటరీలు కరెంటుని మెల్లగా తీసుకుంటాయి. పాలు పొంగుకొచ్చే ముందు మనం మంట తగ్గించమూ, అలాగే బ్యాటరీ పాడవకుండా కారే మంట తగ్గించుకుంటుంది. అరగంటలో యాభై శాతం ఎక్కిన కారుకి, ఆఖరి ఇరవై ఎక్కటానికి ముప్పావుగంట పైనే పట్టినా ఆశ్చర్యం లేదు. అందుకని ఎనభైకి తీసేసి పక్కవాళ్లకి ఇవ్వటం మర్యాద.

ఆ అబ్బాయి మర్యాద తెలియనివాడు కాదు. "అమ్మా, నేను ఎయిర్‌పోర్టుకి పోవాలి. దార్లో ఎక్కడ నడుస్తదో ఎక్కడ నడవదో తెల్వదు. మొన్న ఇట్లనే తీసేసి చౌటుప్పల కాడ రెండు గంటలు కూసున్న. వంద నింపుకుంటేనే నాకు ధైర్యం" అన్నాడు. కోపం వచ్చింది గానీ, ఆలోచిస్తే నేనూ అంతే కదా అనిపించింది. రేపు మున్సిపాలిటీ నీళ్లొస్తాయో రావో అనుకున్న రోజున గిన్నెలూ గ్లాసులూ కూడా పట్టి పెట్టుకుంటాం, వెనక బిందె పట్టుకుని నిలబడ్డవాళ్లు తిట్టుకుంటూ వుంటారు. కొళాయి రోజూ వస్తుందని నమ్మకముంటే ఎవరు పడతారు ఆ పాట్లు? ఒక డబ్బా చెడిపోతే ఆ ఊరివాళ్లకే కాదండీ, దారి పొడవునా అందరికీ వరస పెరిగిపోతుంది.

హైవేల మీద రెండు వైపులా ప్రతి 25 కిలోమీటర్లకీ ఒక ఛార్జింగ్ కేంద్రం వుండాలని 2022లో కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాల్లో రాశారని మావారు అంటూ వుంటారు. ఆయన లెక్క ప్రకారం మేం నింపుకుని ఎప్పుడో విజయవాడ దాటివుండాలి. డబ్బా వుండటం వేరు, అది వెలగటం వేరు, వెలిగినా మన గన్ను వుండటం వేరు అని ఆ రోజు ఆయనకీ తెలిసింది.

ఈ హడావిడిలో వుండగా "అమ్మమ్మా!" అని మా అబ్బాయి కేక వేశాడు. అమ్మ కారు దిగబోయి, తలుపు పట్టుకుని అలాగే కిందికి జారిపోతోంది. పరుగెత్తి పట్టుకున్నాను. ఒళ్లంతా చెమట, పెదాలు ఎండిపోయి తెల్లగా పొరలు కట్టాయి. సుగరు పడిపోయిందేమోనని గుండె గుభేలుమంది. వేలు పొడిచి చూస్తే 138, అదేం కాదు. "నీళ్లు తాగమ్మా" అని సీసా తీశాను. సీసా నిండుగా వుంది. ఇంట్లో నేను మూత బిగించింది బిగించినట్టే వుంది!

"తాగలేదేమే?" అంటే మాట్లాడదు. చెవి దగ్గరికి రమ్మంది. "తాగితే మళ్లీ బాత్రూముకి వెళ్లాలి కదే. మీరు ఎక్కడ ఆగుతారో, అక్కడ వుంటుందో వుండదో. ముందర అల్లుడుగారు కూర్చుని వుండగా ఆపమని ఎలా చెప్పను? ఎలాగూ ఇంటికి వెళ్తున్నాం కదా అని..." 

పొద్దున పదకొండింటికి తాగిన మజ్జిగే ఆఖరట. సుగరున్న మనిషి, మే నెల, ఏడు గంటల పైన! ముంజలు ఎందుకు వద్దందో అప్పుడు తెలిసింది నాకు. కారులో ఎంత మిగిలిందో కిలోమీటరుకోసారి చూశాను గానీ, పక్కనున్న అమ్మ వైపు తిరిగి చూడలేదు. ఇప్పటికీ తల్చుకుంటే నాకు సిగ్గుగానే వుంటుంది.

బంకులో మరుగుదొడ్డి వుంది. తాళం వేసి వుంది. తాళం చెవి మేనేజరు దగ్గర, మేనేజరు ఊళ్లోకి వెళ్లాడు. మగవాళ్లు లారీ చాటుకి పోయి వచ్చేస్తున్నారు. మనమెక్కడికి పోతాం చెప్పండి?

అప్పుడొచ్చింది ఆవిడ. బంకు పక్కన గోడని ఆనుకుని టీబండి పెట్టుకుంది, నా వయసే వుంటుంది. ఏమైందని అడగలేదు, అమ్మ రెండో రెక్క పట్టుకుని, "పెద్దమ్మా, ఇటు రా. మా ఇల్లు ఈ గోడ వెనకాలనే. లోపటికి పోయి కూసుందువు గాని" అంటూ నడిపించుకెళ్లింది. రెండు గదుల ఇల్లు. బయట శుభ్రంగా కడిగిన స్నానాలగది, తొట్టి నిండా నీళ్లు. అమ్మ లోపలికి వెళ్లొచ్చాక మంచం మీద పడుకోబెట్టి, ఫ్యాను వేసి, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ కొంచెం కొంచెంగా తాగించాం. పావుగంటకి అమ్మ మొహంలో కళ వచ్చింది. "మీదే వూరమ్మా?" అని ఆవిణ్ణి అడగటం మొదలుపెట్టింది. ఇక పర్వాలేదు అనుకున్నాను.

"ఈ కరెంటు కార్లోళ్లు రోజూ ఇట్లనే నిలబడతరక్కా. పోయిన నెల చంటిపిల్లతోటి ఒకామె ఏడ్చుకుంట కూసుంది. మీ బండి ఏ గన్నుకు పెట్టిన్రు?" అంది. ఎడమదానికి అన్నాను. "అట్లనా! ఆ గన్ను పైపు బరువుకి కిందికి గుంజుతది. గుంజితే ఆగిపోతది. పైకెత్తి కట్టాలె" అని, దణ్ణెం మీదున్న పాత చీర పేలిక ఒకటి తీసుకుని వచ్చింది. మా అబ్బాయి చేత మళ్లీ రెండొందలు వేయించి, గన్ను పెట్టించి, పేలికతో పైపుని ఎత్తి డబ్బా పక్కనున్న ఇనపకడ్డీకి కట్టింది. ఐదు నిమిషాలు చూశాం. పది చూశాం. ఆగలేదు. ఇంజనీరింగ్ చదివే మావాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"మరి కంపెనీవాళ్లకి చెప్పకపోయారా?" అన్నాను. "ఆ నంబరుకు రెండుసార్లు చేసిన. ఆమె ఇంగ్లీషుల మాట్లాడవట్టె, నాకు రాకపాయె. ఇగ నేనే కడుతున్న" అంది. ఆవిడకి దీనికోసం పైసా ఇచ్చేవాళ్లు లేరు. టీ నాలుగు ఎక్కువ అమ్ముడవుతాయి, అంతే. టీ కూడా అల్లం దంచి వేసి బాగా పెట్టింది. మంచినీళ్లు ఇచ్చింది, రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసింది. లక్షలు పోసి డబ్బా పెట్టినవాళ్లు, ఆవిడలాంటి మనిషిని ఒకరిని నాలుగు వేలో ఐదు వేలో ఇచ్చి పెట్టుకోలేరా? ఒక తాళం చెవి, ఒక బల్బు, నాలుగు కుర్చీలు ఆవిడ చేతికి ఇస్తే చాలదా?

ఎనిమిదింటికి 88 శాతం అయింది. (ఎనభైకి ఆపాల్సిందిగా మీరు? అని మీరు అడగచ్చు. అడగండి. మా వెనక ఎవరూ లేరు. వున్నా ఆపేదాన్నో లేదో చెప్పలేను.) 24 యూనిట్లు ఎక్కాయి, యూనిట్ 21 రూపాయల చొప్పున 504, దాని మీద 18 శాతం జీఎస్టీ, దగ్గర దగ్గర 595 రూపాయలు. ఇంటి కరెంటుకి రెట్టింపు పైనే. అయినా పెట్రోలుతో పోలిస్తే సగం, ఆ మాట ఒప్పుకోవాలి. అమ్మకి మాత్ర వేసి, వాళ్లింట్లోనే పెరుగన్నం తినిపించి బయల్దేరాం. ఆవిడ బొట్టు పెట్టి పంపింది అమ్మని. ఏసీ వేసుకున్నాం. నందిగామ దగ్గర ఒకసారి, విజయవాడలో ఒకసారి కారు ఆపించాను, అమ్మ అడగకుండానే. కంకిపాడు మీదుగా గుడివాడ చేరేసరికి పదకొండు. అన్నయ్య వీధిలో నిలబడి వున్నాడు.

అక్కడితో అయిపోలేదండోయ్. మర్నాడు అన్నయ్య ఇంట్లో ప్లగ్గు పెడితే ఎర్రలైటు! ఇంటికి ఎర్తింగ్ సరిగా లేదు, కాబట్టి కారు కరెంటు తీసుకోదు. పెరట్లో గొయ్యి తవ్వించి, బొగ్గూ కళ్లుప్పూ పొరలు పొరలుగా వేసి కొత్త ఎర్తు పెట్టించాం. ఆవకాయ జాడీ కోసం తెప్పించిన ఉప్పు సగం ఆ గోతిలోకే పోయిందని వదిన ఇప్పటికీ దెప్పుతుంది. మీ పుట్టింటికి ఇలాంటి కారులో వెళ్లేటట్టయితే, వెళ్లబోయే ముందే ఎలక్ట్రీషియన్ని పిలిపించి ఎర్తు చూపించుకోమని చెప్పండి. పదహారు యాంపుల ప్లగ్గు కారు నిలిపేచోటికి దగ్గరగా వుందో లేదో కూడా చూడమనండి. సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగలు మాత్రం వాడకండి, వేడెక్కి కాలిపోతాయి.

తిరుగు ప్రయాణం తెల్లవారుజామున నాలుగింటికి పెట్టుకున్నాం. ఎండ వుండదు, ఛార్జరు దగ్గర వరసా వుండదు. బ్యాటరీ నలభై శాతానికి వచ్చేసరికే నింపుకునేటట్టు, మొదటిది పనిచేయకపోయినా రెండోదానికి వెళ్లగలిగేటట్టు చూసుకోవటం అప్పుడే నేర్చుకున్నాం. కోదాడలో అదే బంకుకి వెళ్లాం. ఆరున్నర. టీబండి అప్పుడే వెలిగిస్తోంది ఆవిడ. వదిన పెట్టిన కొత్తావకాయ ఒక సీసా, జాకెట్టు గుడ్డ ఇచ్చాను. "పెద్దమ్మకెట్లుంది?" అని అడిగింది. ఎడమ గన్ను ఇంకా అలాగే వుంది. కడ్డీకి మా పేలికే వేలాడుతోంది.

వచ్చే నెలలో అమ్మకి రెండో కన్ను ఆపరేషను. మావారికి ఇంకా ఆ రోజు భయం పోలేదు, అమ్మకి ఏసీ బస్సు టిక్కెట్టు కొందామన్నారు. అమ్మతో ఫోన్లో చెప్పాను. "బస్సెందుకే? కారులోనే వస్తాను. కోదాడలో ఆ అమ్మాయి దగ్గర ఆగుతామంటేనే కానీ, నీళ్లు మాత్రం తాగను" అంది.